గుడారం బయట నుంచే పిలువు

చిన్నీ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. ఇల్లు లేని మాజీ సైనికుల కోసం పనిచేసేవాళ్ళతో చేరావట. ఇళ్ళు లేనివాళ్ళు ఎంతమంది ఉన్నారో చూసే రాత్రి లెక్కింపుకి జనవరి చివర్లో లాస్ ఏంజెలెస్ వీధుల్లోకి వెళ్తున్నావట. నీకేమైనా అవుతుందేమోనని దాని భయం. నీ వల్ల వాళ్ళకేమైనా అవుతుందేమోనని నా భయం. కోప్పడకు, ముందు పూర్తిగా చదువు. నాకు గర్వంగా కూడా ఉంది. ఆ మాట మీ అమ్మతో చెప్పేశాను, నీతో చెప్పాలంటే మొహమాటం.

మామూలు సంగతులు ముందు. ఒంటరిగా వెళ్ళకు. సాక్సులు, నీళ్ళు పట్టుకెళ్ళు. టార్చి మొహం మీద వెయ్యకు. గుడారం జిప్పు ముట్టుకోకు, బయట నుంచే పిలువు. నిద్రపోతున్నవాడి భుజం మాత్రం తట్టకు. ప్రాణం తీసుకుంటానన్న మాట ఎవరైనా అంటే 988కి ఫోన్ చేసి 1 నొక్కాలి, అక్కడ మాజీ సైనికుల కోసమే మనుషులుంటారు. అవతలివాళ్ళు ఎత్తేదాకా పక్కనే ఉండు.

కాగితాల్లో ముఖ్యమైనది డీడీ-214, సైన్యం నుంచి బయటికొచ్చినప్పుడు ఇచ్చేది. చాలామంది దగ్గర ఉండదు, తడిసిపోయో, ఎవరో ఎత్తుకుపోయో ఉంటుంది. మళ్ళీ తెప్పించవచ్చు. అందులో 'అదర్ దేన్ ఆనరబుల్' అని, అంటే గౌరవంగా పంపించలేదని ఉంటే, తమకింక ఏమీ రాదని వాళ్ళే తేల్చేసుకుంటారు. 2021లో అమల్లోకొచ్చిన చట్టంతో హడ్-వాష్ ఇంటి వోచర్, అంటే ఇల్లు లేని మాజీ సైనికులకి అద్దెలో ప్రభుత్వం చేసే సాయం, అలాంటివాళ్ళకీ ఇవ్వచ్చు. ఇది కొందరు పాత ఉద్యోగులకే తెలీదు, నువ్వు గట్టిగా అడుగు. ఇంకో విడ్డూరం ఉండేది. ఎక్కువ గాయపడ్డవాడికి వైకల్య పరిహారం ఎక్కువ వస్తుంది కదా, దాన్నే ఆదాయంగా లెక్కేసి, నీ సంపాదన ఎక్కువ, ఈ ఇల్లు నీకు రాదు పొమ్మనేవారు. 2024 ఆగస్టులో గానీ ఆ నిబంధన మార్చలేదు. ఎన్నేళ్ళు, ఎంతమంది! రాస్తుంటేనే నాకు బీపీ పెరుగుతోంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది మీ అమ్మకీ తెలీదు.

నేను నర్సుగా ఉన్న రోజుల్లో, సెలవుల్లో ఇదే పని చేసేదాన్ని. ఒకతను కారులో ఉండేవాడు. ముప్ఫై దాటలేదు, ఇరాక్‌లో ఫలూజా అనే ఊళ్ళో పోరాడి వచ్చాడు. పేరు నీకు చెప్పను. ఐదు వారాలు కిటికీ దింపలేదు. ఆరో వారం దింపి, సాక్సుల సైజు చెప్పాడు: పదమూడు. అంత పెద్దవి మా పెట్టెలో లేవు, వెతికి కొనుక్కొచ్చాను. అక్కణ్ణించి మాటలు మొదలయ్యాయి. నాలుగు నెలలు తిరిగితే వోచర్ వచ్చింది. అద్దెకివ్వడానికి ఒక ఇంటాయన ఒప్పుకున్నాడు, అదే పెద్ద గండం. మంగళవారం పొద్దున ఇల్లు చూడ్డానికి వెళ్ళాలి.

ఆదివారం సాయంత్రం, తన పక్కనే చనిపోయిన స్నేహితుడి గురించి మొదటిసారి చెప్పాడు. వింటూ ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. "ఆ యుద్ధమే తప్పు. లేని ఆయుధాల కోసం మిమ్మల్ని పంపించారు. ఇందులో నీ తప్పేం లేదు," అన్నాను. ఓదారుస్తున్నాననే అనుకున్నాను చిన్నీ. అతను స్టీరింగ్ పట్టుకుని చాలాసేపు ముందుకే చూశాడు. "అయితే వాడు దేనికోసం పోయినట్టు?" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. అద్దం ఎత్తేశాడు.

మంగళవారం వెళ్తే కారు లేదు. రోడ్డు మీద ఆయిల్ మరక ఉంది. కాగితాల కవరు నా బ్యాగులో ఉంది. తెలిసిన వీధులన్నీ వెతికాను. వోచర్ గడువు దాటిపోయింది.

నేనన్నది అబద్ధం కాదు. ఉన్నాయని చెప్పి యుద్ధానికి దిగిన ఆ సామూహిక విధ్వంసక ఆయుధాలు ఇరాక్‌లో దొరకలేదు. కానీ అంత ఆత్రంగా ఎందుకన్నానో తెలియడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. 2003 మార్చిలో బాగ్దాద్ మీద బాంబులు పడుతుంటే టీవీ ముందు కూర్చుని "పోనీలే, పీడ విరగడవుతుంది" అన్నది నేనే. ఓటు ఉన్నదాన్ని, పన్ను కట్టినదాన్ని. తర్వాత సిగ్గేసింది. ఆ సిగ్గు దింపుకోడానికి నాకు అతని కారు కిటికీ దొరికింది.

అందుకే నీ గురించి టెన్షన్. నువ్వు ప్లకార్డు పట్టుకుని ఊరేగింపుల్లో నడిచినదానివి. నీ మాట చాలావరకు నా మాటే. చాలావరకు అంటున్నాను, ఎందుకంటే 1994లో ర్వాండాలో లక్షలమందిని నరికేస్తుంటే ఆపడానికి ఎవరూ వెళ్ళలేదు, అదీ చూశాను. పరాయి దేశానికి సైన్యాన్ని ఎప్పుడు పంపాలో, ఎప్పుడు కూడదో ఒక్క ముక్కలో నేను చెప్పలేను. ఆ వాదన వద్దని కాదు. పంపేవాళ్ళ దగ్గర పెట్టుకో. 2001 సెప్టెంబర్‌లో అధ్యక్షుడికి బలప్రయోగ అధికారం ఇచ్చిన తీర్మానానికి మొత్తం అమెరికా కాంగ్రెస్‌లో, అంటే ఇక్కడి పార్లమెంటులో, వద్దని ఓటేసింది ఒక్కరే, మన కాలిఫోర్నియా బార్బరా లీ. మిగతావాళ్ళని అడుగు. యుద్ధానికి డబ్బు మంజూరు చేసే రోజునే, తిరిగొచ్చేవాళ్ళ ఇళ్ళకి డబ్బెక్కడని అడుగు. ఇది కొత్త పాపమేం కాదు. 1932లో, మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడినవాళ్ళు తమకు రావలసిన బోనస్ ఇప్పుడే ఇమ్మని వాషింగ్టన్‌లో గుడిసెలేసుకుంటే, సొంత సైన్యంతోనే తరిమించి వాటిని తగలబెట్టించారు.

గుడారం దగ్గర మాత్రం ఎవరైనా యుద్ధాన్ని తిడితే వంత పాడకు, పొగిడితే ఎదురాడకు. చెప్పింది విను, మళ్ళీ ఎప్పుడొస్తావో చెప్పు, ఆ రోజుకి తప్పకుండా వెళ్ళు. 'మీ సేవకు కృతజ్ఞతలు' కూడా తొందరపడి అనకు, కొందరికి అది ఒళ్ళు మండే మాట.

2024 జనవరిలో ఒక్క రాత్రి లెక్కలో దేశం మొత్తం మీద ఇల్లు లేని మాజీ సైనికులు 32,882 మంది తేలారు. 2010లో డెబ్బై వేలు దాటి ఉండేవారు. తగ్గుతుంది చిన్నీ, పనిచేస్తే తగ్గుతుంది. చేతకాదని మాత్రం అనుకోకు.

లెక్కింపు అయ్యాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, మెలకువగానే ఉంటాను. మందపాటి కోటు వేసుకో, జనవరి రాత్రులు అక్కడ కూడా చల్లగానే ఉంటాయి. సాక్సుల్లో పదమూడో సైజువి ఒక జత విడిగా పెట్టుకో.

నీ పెద్దమ్మ