జెరియాట్రిక్స్‌లో ఉన్నది మన 'జర'యేనా?

సందేహం: హాస్పిటల్లో ముసలివాళ్ళని చూసే డిపార్ట్‌మెంట్‌కి జెరియాట్రిక్స్ అని బోర్డు పెడతారు కదండీ. అందులో 'జెర' ముసలితనం అనే అర్థమున్న మన సంస్కృతం 'జర'యేననీ, ఇంగ్లీషువాళ్ళు మన దగ్గర్నుంచే ఎత్తుకుపోయారనీ వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమేనా?

సమాధానం: చుట్టరికం నిజమే, ఎత్తుకుపోవడం మాత్రం అబద్ధం. అసలీ మాట అంత పాతదేం కాదు. వియన్నాలో పుట్టి న్యూయార్క్‌లో ప్రాక్టీసు చేసిన ఇగ్నాట్జ్ నాషర్ అనే డాక్టరు 1909లో తయారుచేశాడు, పిల్లల వైద్యానికి పీడియాట్రిక్స్ అని ఉంది కదా, ముసలితనానికీ విడిగా ఓ పేరుండాలని గ్రీకులోంచి రెండు ముక్కలు తెచ్చి అతికించాడు. గేరాస్ అంటే ముసలితనం, ఇయాత్రికోస్ అంటే వైద్యానికి సంబంధించింది. పాతకాలపు గ్రీకు రాజ్యం స్పార్టాలో 60 దాటిన పెద్దల సభని గెరూసియా అనేవాళ్ళు, అదీ ఈ కుటుంబంలోదే.

చూశారా, గ్రీకులో ఉన్నది 'గ', 'జ' కాదు. లాటిన్, ఫ్రెంచి మాటల మీదుగా అబ్బిన అలవాటు కొద్దీ ఇంగ్లీషులో అది 'జ' అయి కూర్చుంది. అంటే వాట్సాప్ పండితులకి చెవిలో పడ్డ ఆ 'జ' పోలిక వట్టి కాకతాళీయం, కానీ లోపలున్న సంబంధం మాత్రం గట్టిదే! సంస్కృతం, గ్రీకు రెండూ అంతకన్నా పాత భాష ఒకదాన్నుంచి చీలినవి, ఆ పాత ధాతువు అక్కడ గేరాస్ అయింది, ఇక్కడ 'జౄ' ధాతువయింది, దాన్నుంచే మనకి జర, జీర్ణం, జీర్ణోద్ధరణ, అజరామరం అన్నీ వచ్చాయి. కాబట్టి ఈ రెండూ తల్లీకూతుళ్ళు కాదు, అక్కచెల్లెళ్ళ పిల్లలు.

గొప్ప చెప్పుకోవాలనే ఉంటే నా దృష్టిలో ఇంతకంటే మంచి సంగతి ఒకటుంది. అష్టాంగహృదయంలో వాగ్భటుడు ఆయుర్వేదం ఎనిమిది అంగాల్నీ లెక్కపెడుతూ పిల్లల వైద్యాన్ని 'బాల' అనీ, ముసలితనానికి చేసేదాన్ని 'జరా' అనీ ఒక్క ముక్కలో తేల్చేశాడు. నాషర్‌కి వందల ఏళ్ళ ముందే!

మరి తెలంగాణలో 'జర ఆగు' అంటాం, అదీ ఇదేనా అని ఎవరో ఒకరు ఎలాగూ అడుగుతారు. కాదండీ, అది ఉర్దూ జరా, అరబ్బీలో రేణువుకున్న మాట నుంచి వచ్చింది, దానికీ ముసలితనానికీ ఏ సంబంధమూ లేదు.