నెలల తరబడి మానని కాలి పుండుకి వ్యాక్యూమ్ డ్రెస్సింగ్ పెట్టిస్తే తగ్గుతుందా?

మీ నాన్నగారికి షుగర్ ఉంది, చీలమండ పైన పుండు ఆరు నెలలైనా మానట్లేదు, వ్యాక్యూమ్ (పుండుని మూసేసి మెషిన్‌తో రసి పీల్చే కట్టు) పెట్టించమంటారా అని అడిగారు కదండీ. మా అమ్మకి అదే చోట పద్నాలుగు నెలలు ఉండింది, రోజూ కట్టు మార్చింది నేనే. డ్రెస్సింగ్ సంగతి తర్వాత, అసలు ఎందుకు మానట్లేదో ఎవరైనా చూశారా?

మేం చూపించలేదు, అదే మా తప్పు. ఎన్ని ఆయింట్‌మెంట్లు రాశామో! ఎండితే మానుతుందని గాలికి వదిలేసేవాళ్ళం, రెండు పూటలా హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసేదాన్ని, అది బుసబుసా పొంగుతుంటే శుభ్రమవుతోంది అనుకున్నా, కానీ అది కొత్తగా పుట్టే కణాల్ని కూడా చంపుతుందట, పుండు కాస్త తడిగా ఉంటేనే అంచుల్నించి చర్మం పాకుతుందట.

చివరికి వాస్కులర్ సర్జన్ (రక్తనాళాల డాక్టర్) దగ్గరికెళ్తే ఆయన పుండు కంటే ముందు కాలు చూశారు. చుట్టూ చర్మం నల్లబడి గట్టిపడింది, సాయంత్రానికి వాపు. చేతిలో బీపీ, చీలమండ దగ్గర బీపీ పోల్చి చూసి డాప్లర్ (రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) తీయించి, సిరల్లో వాల్వులు పాడై రక్తం కిందే నిలిచిపోతోంది అన్నారు. లోపల రసి పీల్చే ఫోమ్, పైన వేళ్ళ మొదలు నుంచి మోకాలి కిందిదాకా నాలుగు పొరల బిగుతు కట్టు, వారానికోసారి మార్చడం, అంతే. అయిదు నెలల్లో మూసుకుంది. మళ్ళీ రాకుండా ఇప్పటికీ పొద్దున మంచం దిగకముందే బిగుతు స్టాకింగ్స్ (మేజోళ్ళు) వేసుకుంటుంది.

కానీ ఇది చదివి మీరే బిగుతు కట్టు కట్టేయకండి, దయచేసి. కాలికి రక్తం తెచ్చే ధమనులు మూసుకుపోయి ఉంటే ఆ కట్టు వల్లే కాలు పోవచ్చు. షుగర్ వాళ్ళకి ధమనులు గట్టిపడి చీలమండ దగ్గర బీపీ నిజంగా ఉన్నదానికంటే బాగున్నట్టు చూపించొచ్చు, అందుకే కాలి బొటనవేలి ప్రెషర్ కూడా చూడమని అడగండి. అదే అరికాలి పుండయితే లెక్క వేరు, దానిమీద బరువు పడకుండా చెయ్యకపోతే ఏ డ్రెస్సింగూ పనిచెయ్యదు, ఎముకకి ఇన్ఫెక్షన్ పాకిందేమో కూడా చూడాలి.

వ్యాక్యూమ్ మంచిదే, లోతు పుండ్లకి, అదీ కుళ్ళిన కండ తీసేశాక. వారానికోసారి పక్కన స్కేలు పెట్టి ఫోటో తియ్యండి, నాలుగు వారాలకి బాగా చిన్నదవ్వకపోతే చికిత్స మార్చాలేమో అడగండి. వేలు నల్లబడినా, ఎరుపు పైకి పాకినా, చలిజ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి, అమ్మకి ఒకసారి రాత్రంతా ఆగాం, ఆస్పత్రిలో తొమ్మిది రోజులు ఉండాల్సొచ్చింది.