నాన్నగారి పేగుల్లో మొండి క్రిమి: మందు వేయాలా?

ప్రశ్న: నాన్నగారు ఐసీయూ నుంచి వచ్చారు. మలద్వారం స్వాబ్‌లో మందులకు లొంగని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఉందన్నారు. జ్వరం లేదు. యాంటీబయాటిక్ వాడాలా?
– ఓ పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: అక్కర్లేదమ్మా. అది పేగుల్లో మకాం వేసిందంతే, జబ్బు చేయలేదు. మామూలుగా అక్కడి మంచి బ్యాక్టీరియా కొత్తవాటికి చోటూ తిండీ దక్కనివ్వదు. ఐసీయూ మందులు దాన్ని ఊడ్చేస్తే, చేతుల మీదుగానో బెడ్‌పాన్ మీదుగానో చేరిన మొండి క్రిమికి ఖాళీ ఇల్లు దొరుకుతుంది. మళ్లీ మందేస్తే ఆ ఇల్లు ఇంకా ఖాళీ! చాలామందిలో నెలల్లో దానంతటదే పోతుంది, కొందరిలో ఏడాది దాటినా ఉంటుంది. పెరుగన్నం పెట్టండి, దాంతోనే పోతుందనుకోకండి. డైపర్ మార్చాక గోళ్ల సందులతో సహా 40 సెకన్లు సబ్బుతో చేతులు కడగండి. చలిజ్వరమో మూత్రంలో మంటో వస్తే ఆ రిపోర్టుతోనే డాక్టరు దగ్గరికెళ్లండి. మామూలుగా మొదలుపెట్టే మందు దీనిమీద పనిచేయకపోవచ్చు.