ఆకు రసాలు బాక్టీరియాను చంపుతాయా? నా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో తేలింది ఇదీ

మీరు అడిగినవి రెండు. వేపాకు, జామాకు, తులసి లాంటి వాటి రసాలు నిజంగా బాక్టీరియాను చంపుతాయా? చంపేటట్టయితే యాంటీబయాటిక్ మానేసి కషాయం తాగితే సరిపోదా? హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివేటప్పుడు నా ప్రాజెక్టు దీని మీదే, కాబట్టి కాస్త విడమరిచి రాస్తాను. మొదటిదానికి జవాబు: చాలా ఆకులు చంపుతాయి, లేదా పెరగకుండా ఆపుతాయి, కాకపోతే ల్యాబులో బాక్టీరియా పెంచే ప్లేటు మీద.

నేను జామాకు తీసుకున్నాను. నాచారంలో మా ఇంటి పెరట్లో చెట్టుంది, పైసా ఖర్చు లేదు. మే నెల ఎండలో డాబా మీద ఆరేస్తే రెండో రోజుకే ఆకులు కమిలిపోయాయి. మా గైడ్ మేడమ్ చూసి పారేయమన్నారు. నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టాలట. వేడిని తేలిగ్గా తీసుకోకండి. మలేరియా మందు ఆర్టెమిసినిన్ కోసం ఒక మొక్కలో వెతికినప్పుడు చైనా శాస్త్రవేత్త తూ యూయూకు ఫలితం దక్కింది, ఎక్కువ వేడి పెట్టకుండా, తక్కువ వేడికే ఆవిరయ్యే ద్రావకం ఈథర్‌తో రసం తీశాకే. 2015లో నోబెల్ వచ్చింది ఆవిడకే. మనమేమో గ్లాసు నీళ్ళు సగమయ్యేదాకా మరిగిస్తాం.

సరే, పొడి చేసి, రసం లాగడానికి వాడే ఆల్కహాల్ రకం మిథనాల్‌లో మూడు రోజులు నానబెట్టి వడకట్టాను. స్టెఫైలోకోకస్ అనే బాక్టీరియా పూసిన అగార్ (బాక్టీరియా పెరిగే జెల్లీ లాంటి పదార్థం) ప్లేటులో 6 మి.మీ. గుంట చేసి రసం పోసి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాను. పొద్దున తీసి చూస్తే పల్చటి మీగడ కట్టినట్టు ప్లేటంతా బాక్టీరియా, గుంట చుట్టూ మాత్రం అద్దంలా శుభ్రమైన వలయం. స్కేలు పెడితే 17 మి.మీ.! వెంటనే ఫొటో తీసి ఇంటి గ్రూపులో పెట్టేశాను. మేడమ్ మాత్రం ఒకే మాట అడిగారు: "ఉత్త మిథనాల్ పోసిన గుంట ఏదమ్మా?"

అది నేను పెట్టనే లేదు. మిథనాల్ కూడా బాక్టీరియాను ఆపగలదు, వలయం ఆకుదో దానిదో తేలాలంటే ఆ గుంట ఉండాలి. మర్నాడు పెడితే ఉత్త మిథనాల్‌కే 13 మి.మీ. వచ్చింది. ఇంటి గ్రూపులో ఆ ఫొటో పెట్టలేదనుకోండి. తర్వాత మిథనాల్ మొత్తం ఆవిరి చేసి, మిగిలిన జిగురును ఇంకో ద్రావకం డీఎంఎస్‌ఓలో కరిగించి, పక్కనే ఉత్త డీఎంఎస్‌ఓ గుంట కూడా పెట్టి చేస్తే జామాకుకు 12 మి.మీ. నిలబడింది. ఈ.కోలై మీద దాదాపు ఏమీ లేదు. ఈ.కోలై లాంటి గ్రామ్ నెగెటివ్ రకం బాక్టీరియాకు బయట ఇంకో పొర ఉంటుంది, చాలా ఆకు పదార్థాలు దాన్ని దాటలేవు.

ఇక మీ రెండో ప్రశ్న. నేను పోసిన రసం మిల్లీలీటరుకు 100 మి.గ్రా., గుంటలో 50 మైక్రోలీటర్లు, అంటే 5 మి.గ్రా. పోలికకు పక్కన పెట్టిన, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న చిన్న కాగితపు బిళ్ళలో ఉన్న మందు 5 మైక్రోగ్రాములు. వెయ్యో వంతు మందుతో అది 26 మి.మీ. వలయం ఇచ్చింది. రసంలో వందల పదార్థాలు కలగలిసి ఉంటాయి, పనిచేసేది అందులో ఏ చిటికెడో, కాబట్టి ఈ పోలిక ఆకుకు కొంత అన్యాయమే. కానీ కషాయం తాగేవాళ్ళకు దొరికేది ఆ కలగలుపే కదా. అది కడుపులో పల్చబడి, పేగులు దాటి, రక్తంలో చేరి, ఇన్‌ఫెక్షన్ ఉన్నచోటికి ఎంత వెళ్తుందో ప్లేటు చెప్పదు. మామూలు విరేచనాలకు మా అమ్మ ఇప్పటికీ జామ చిగుళ్ళు నమలమంటుంది, నేనూ నములుతాను, ఆ వగరుకు పేగులు కాస్త సర్దుకుంటాయి. జ్వరం, మూత్రంలో మంట, మానని పుండు అయితే మాత్రం డాక్టర్ దగ్గరికే.

ఆకు రసాల మీద చేసే ఇంకో పరీక్ష, యాంటీఆక్సిడెంట్ సంగతి కూడా తొందరగా చెప్పేస్తాను. డీపీపీహెచ్ అనే రసాయనం ఊదారంగు ద్రావణంలో రసం వేస్తే లేత పసుపుకు తిరుగుతుంది, ఆ రంగు ఎంత తగ్గిందో 517 నానోమీటర్ల కాంతి దగ్గర కొలుస్తారు. చూడ్డానికి భలే ఉంటుంది. ఓ మధ్యాహ్నం సరదాకి పాలు కలపని టీ డికాక్షన్ వేసి చూస్తే నా జామాకు కంటే ముందే రంగు విరిగింది! ఒంట్లో ఏం జరుగుతుందో ఆ పరీక్షతో తేలదు. ఆకు పచ్చదనం రీడింగును తప్పుదారి పట్టిస్తుంది, డీపీపీహెచ్ లేకుండా ఉత్త రసానికీ ఒక రీడింగ్ తీసుకోండి.

మీరూ దీన్ని ప్రాజెక్టుగా చేయాలనుకుంటే నిక్షేపంగా చేయొచ్చు, కాకపోతే వలయాలతో ఆగకండి. అగార్‌లో పాకలేని పదార్థానికి బలమున్నా వలయం రాదు. బ్రాత్‌లో (బాక్టీరియా పెంచే ద్రవంలో) ఎంఐసీ, అంటే పెరుగుదలను ఆపే కనీస మోతాదు, చూడండి; రిసాజురిన్ అనే నీలం రంగు వేస్తే బాక్టీరియా పెరిగిన గుంట గులాబీకి మారుతుంది, పెరగనిది నీలంగానే ఉంటుంది. అన్నిటికంటే ముందు, పువ్వో కాయో ఉన్న కొమ్మతో బాటనీ వాళ్ళ దగ్గరికి వెళ్ళి మొక్క పేరు రాయించుకోండి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి నేలవేము అనే చేదు మూలిక అని బజార్లో పొడి కొని ఆరు నెలలు పనిచేసింది. అది నేలవేమేనా అని వైవాలో అడిగితే తన దగ్గర జవాబు లేదు.