హత్య జరిగిన గది బయట

అనంతపురం

అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతోపాటు కథా అందాయి. ముందు నీ ఫిర్యాదు సంగతి చూద్దాం. మీ మేడమ్ షేక్‌స్పియర్ రాసిన మాక్బెత్ నాటకం రెండో అంకం రెండో రంగం పట్టుకుని వారంగా కదలడం లేదనీ, పక్క సెక్షన్ వాళ్లు అప్పుడే నాటకం ముగించి ఇంపార్టెంట్ ప్రశ్నలు రాసుకుంటున్నారనీ రాశావు. టవర్ క్లాక్ దాకా పోయి గైడు కొనుక్కోమంటారా అని అడిగావు.

కొనుక్కో. పరీక్ష గట్టెక్కాలి కదా. కానీ ఏ రంగమైనా నువ్వు చదివిన తర్వాతే గైడు తెరువు. మాక్బెత్ అత్యాశకు పోయి చెడ్డాడని అందులో ఉంటుంది. నాటకం ముట్టుకోకుండానే ఆ మాట మీ అవ్వ కూడా చెప్పగలదు. నువ్వు కథలు రాయాలనుకునే పిల్లవి. మాక్బెత్ ఏ మాట దగ్గర తడబడ్డాడు, అతని భార్య ఏ మాట దాటేసింది అన్నది నీకు కావాలి. అది తెలియాలంటే మీ మేడమ్ ఆగినచోట ఆగాల్సిందే.

రాజ్యం కోసం మాక్బెత్ డంకన్ రాజును చంపడం మనం చూడం. అది లోపల గదిలో జరిగిపోతుంది. మనం బయట అతని భార్య లేడీ మాక్బెత్‌తో పాటు చెవులు రిక్కించి నిలబడి ఉంటాం. మాక్బెత్ వస్తాడు. పని అయిపోయిందంటాడు, ఆ ఊపిరిలోనే ఏదైనా చప్పుడు విన్నావా అని అడుగుతాడు. గుడ్లగూబ అరిచింది, కీచురాళ్లు కూశాయి అంటుంది ఆమె. తర్వాత చూడు, మొదటి మాట ఆమెది:

‘నువ్వేమన్నా అన్నావా?’
‘ఎప్పుడు?’
‘ఇప్పుడే.’
‘నేను దిగొస్తున్నప్పుడా?’
‘ఊఁ.’

ఇవి నేను తెలుగులో చెప్పుకున్నవి, అసలులో ఇంకా పొట్టిగా ఉంటాయి. ఈ నాటకం మొదట అచ్చయిన, ఫోలియో అని పిలిచే 1623 నాటి షేక్‌స్పియర్ నాటకాల సంపుటిలో ఈ ముక్కలు విడివిడిగా ఉంటాయి. మొదటి నాలుగూ కలిపి పలికి చూడు, సరిగ్గా ఒక్క పాదం అవుతుంది. మన పద్య నాటకాల్లో ఒకే పద్యాన్ని రెండు పాత్రలు అందుకున్నట్టు ఉంటుంది. మామూలుగా ఒక మనిషి నిండుగా పలికే పాదం ఇక్కడ ఇద్దరి భయం మధ్య నాలుగు ముక్కలైంది.

ఇంకా దగ్గరికి వెళ్లు. ఈ రంగంలో తాను చేసినదాన్ని మాక్బెత్ ‘హత్య’ అనడు, ‘పని’ అంటాడు. హత్య అన్న మాట ఈ రంగంలో లేకపోలేదు, ఉంది. కానీ నిద్రలో ఎవరో ‘హత్య!’ అని అరిచారని చెప్తాడు. మాక్బెత్ నిద్రను హత్య చేస్తున్నాడని ఏదో గొంతు పలికినట్టు అనిపించిందంటాడు. ఎప్పుడూ పక్కవాళ్ల నోటితోనే ఆ మాట వస్తుంది. ఆమె అయితే ఆ మాట జోలికే పోదు. నిద్రపోతున్న ఆ ముసలాయన మా నాన్నలా లేకపోయి ఉంటే నేనే చేసేదాన్ని అంటుంది. రాతిగుండె అనుకున్న మనిషిలో ఆ ఒక్క వాక్యం ఎంత లోతు చూపించిందో ఆలోచించు. నేనైతే ఆ వాక్యం మీదే ఒక పీరియడు గడిపేవాణ్ణి.

క్లాసులో ఈ రంగాన్ని ఇద్దరు లేచి పైకి చదవాలి, మిగతావాళ్లు పుస్తకాలు మూసి వినాలి. ఒకసారి గబగబా చదవాలి, ఒకసారి ప్రతి ప్రశ్న తర్వాతా ఆగి చదవాలి. రెండోసారి విన్నప్పుడు ‘ఎప్పుడు?’ అన్నవాడు జవాబు కోసం అడగలేదని అందరికీ తెలిసిపోతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన స్నేహితురాళ్లు నోరు విప్పరని రాశావు. ఈ ముక్కల్లో కష్టమైన ఇంగ్లీషు లేదని వాళ్లకు చెప్పు. పక్కగదిలో మనుషులు పడుకుని ఉండగా మొగుడూ పెళ్లాం గొంతు ఎంత తగ్గించి మాట్లాడుకుంటారో ప్రతి ఇంటి పిల్లకూ తెలుసు. ఆ గొంతుతో చదివితే చాలు. విన్నది తెలుగులో చెప్పినా ఫరవాలేదు.

షేక్‌స్పియర్ ఈ నాటకం 1606 ప్రాంతంలో రాశాడనీ, అంతకుముందు ఏడాది ఇంగ్లండు రాజు జేమ్స్‌ను మందుగుండుతో పేల్చి చంపాలని గన్‌పౌడర్ కుట్ర జరిగిందనీ నోట్సులో ఉంటుంది. తెలుసుకో, దానికి ఒక పూట చాలు.

దానికంటే ఇది పట్టించుకో. షేక్‌స్పియర్ నాటకాలు ఆడిన లండన్ గ్లోబ్ థియేటర్ నడిమధ్య కప్పు లేదు, ఆట మధ్యాహ్నం పూట ఆడేవాళ్లు. 1611లో సైమన్ ఫోర్మన్ అనే జ్యోతిష్కుడు ఈ నాటకాన్ని అక్కడే చూసి రాసిపెట్టుకున్నాడు. పట్టపగలు అంతమంది ముందు నడిరాత్రిని ఎక్కడినుంచి తేవాలి? రెండో అంకం మొదట్లో మాక్బెత్ తోటి సేనాని బాంకో తన కొడుకును రాత్రి ఎంతయిందిరా అని అడుగుతాడు. చంద్రుడు దిగిపోయాడు, గంట కొట్టడం నేను వినలేదు అంటాడు పిల్లాడు. పైన దీపాలన్నీ ఆరిపోయాయంటాడు తండ్రి. అంతే, చీకటి పడింది. నీ కథలో ‘భయంకరమైన కాళరాత్రి’ అని రాశావు. దాన్ని ఈ పిల్లాడి జవాబు పక్కన పెట్టి చూసుకో.

ఆ చీకటి వెంట చివరిదాకా నడువు. మొదటి అంకంలో దట్టమైన రాత్రీ రమ్మని పిలిచిన లేడీ మాక్బెత్, ఐదో అంకంలో దీపం లేకుండా ఉండలేదు. ఎప్పుడూ పక్కన దీపం ఉండాలన్నది ఆవిడ ఆజ్ఞ అని పరిచారిక వైద్యుడికి చెప్తుంది. కాసిని నీళ్లతో పోతుందన్న రక్తం నిద్రలో ఎంత కడిగినా చేతుల్ని వదలదు. అంతకుముందు పద్యంలో ఠీవిగా మాట్లాడిన మనిషి అక్కడ తెగిపోయిన వచనంలో మాట్లాడుతుంది. రెండో అంకంలో హత్య అయ్యాక ఎవరో కోట తలుపు కొట్టిన చప్పుడు అందరికీ వినపడింది, ఇప్పుడది ఆమెకొక్కదానికే వినపడుతోంది. రెండో అంకంలో వారం రోజులు కూర్చున్న క్లాసుకే ఐదో అంకంలో గుండె ఝల్లుమంటుంది. అట్లా కూర్చోబెట్టే టీచరు దొరకడం నీ అదృష్టం తల్లీ.

విషాదాంతం మనది కాదని ఎవరైనా అంటే నమ్మొద్దు. సంస్కృత నాటక సంప్రదాయం ఒప్పుకోకపోయినా ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు బళ్లారిలో సారంగధరుడి కథను విషాదాంతంగానే రాశారు. మీ తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్లారి రాఘవ గారు షేక్‌స్పియర్ పాత్రలు వేసినవారే.

ఇక నీ కథ. మనిషిని నరకడం గురించి పేజీన్నర రాశావు. కొడవలి, రక్తం, కేకలు అన్నీ ఉన్నాయి. సీమలో పుట్టినవాళ్లం, ఇట్లాంటివి వింటూ పెరిగాం. బయటివాళ్లు మన కథల్లో మొదట వెతికేదీ ఇదే. నువ్వది అందించాల్సిన పని లేదు. నన్ను పట్టి ఆపింది వేరే చోటు. చంపినవాడు అర్ధరాత్రి ఇంటికొస్తే వాళ్లమ్మ ‘సంగటి సల్లారిపోయింది, పప్పన్నా ఎచ్చ జేసేదా?’ అని అడుగుతుంది. ఒక్క వాక్యం రాసి దాటేశావు. ఆమెకు తెలుసా? తెలిసీ అడుగుతోందా? అతను ఏ చేత్తో తిన్నాడు? కథ అక్కడుంది. పేజీన్నర మొత్తం తీసేసి, ఆ తల్లి తలుపు తీసిన దగ్గర్నుంచి మొదలుపెట్టు.

తిరగరాసే ముందు మీ క్లాసు కంటే ముందే నాలుగో అంకం మూడో రంగం ఒక్కదానివే చదువు. మాక్బెత్‌ను ఎదిరించిన మాక్డఫ్ అనే ప్రభువు దగ్గరికి, అతని భార్యాపిల్లల్ని చంపేశారన్న కబురు రాస్ అనే మరో ప్రభువు మోసుకొస్తాడు. నా భార్య ఎట్లుంది అని మాక్డఫ్ అడిగితే బాగుందంటాడు. పిల్లలో అంటే వాళ్లూ బాగున్నారంటాడు. అసలు మాట బయటపెట్టడానికి అతనికి ఎన్ని పంక్తులు పట్టాయో, ఆలోపు ఏమేం మాట్లాడి పొద్దుపుచ్చాడో వరుసగా కాగితం మీద రాయి. తెలిశాక మాక్డఫ్ ఒకే ప్రశ్నను ఎన్ని రకాలుగా మళ్లీ మళ్లీ అడుగుతాడో కూడా రాయి. ఆ కాగితమూ కొత్త కథా కలిపి పంపు. దసరా సెలవులకు ఇటు వస్తే మీ మేడమ్‌ను కూడా తీసుకురా, ఆవిడతో మాట్లాడాలని ఉంది.

ఆశీస్సులతో,
మాస్టారు