ఖామోవ్నికి వెళ్లే ముందు

చి. కిరణ్‌కు,

అత్తయ్య ఆశీస్సులు. నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. పరీక్షలయ్యాక ఫిబ్రవరిలో త్వేర్ నుంచి మాస్కోకి రెండు రోజులు వెళ్తున్నామనీ, అందులో ఒక పూట మ్యూజియానికి పెట్టుకున్నామనీ చెప్పావు. "పోయినసారి ఒక రచయిత ఇంటికెళ్తే ఇరవై నిమిషాల్లో తిరిగేసి బయటికొచ్చాం అత్తయ్యా, అన్నీ కుర్చీలూ బల్లలే" అన్నావు చూడు, అక్కడ నవ్వాగలేదు. 1979లో మాస్కోలోని టాల్‌స్టాయ్ ఇంట్లో నేనూ అచ్చం అదే చేశాను. బూట్ల మీద తాళ్లతో కట్టుకునే గుడ్డ చెప్పులు ఇచ్చేవాళ్లప్పుడు. అవి ఈడ్చుకుంటూ గదులన్నీ చుట్టేసి, బయట ఐస్‌క్రీమ్ తిని హాస్టల్‌కి వెళ్లిపోయాను. ఆ ఇంట్లో ఏముందో చదువు చివరి ఏడాదిలో, పిల్లల వార్డులో డ్యూటీలు చేస్తున్నప్పుడు గానీ తెలిసిరాలేదు. ఫోన్‌లో చెబితే "ఊఁ, ఊఁ" అంటూ ఇంకేదో చూస్తుంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఒక్కటే చూడండి. ఖామోవ్నికిలో టాల్‌స్టాయ్ ఇల్లు. మెట్రోలో పార్క్ కుల్తూరీ స్టేషన్‌లో దిగితే పది నిమిషాల నడక. దారిలో ఆకుపచ్చ, నారింజ రంగు అంచులతో, పెళ్లి బొమ్మరిల్లులా ఒక తెల్ల చర్చి కనబడుతుంది. అది నేతగాళ్ల గుడి. ఖామోవ్నికి అంటేనే నేతపేట, మన చీరాల పక్క పేటల్లాగా. ఇప్పుడా వీధి పేరే లెవ్ టాల్‌స్టాయ్ వీధి. ఇల్లు 21వ నంబరు. మీరు రోజూ టాక్సీ పిలుచుకునే యాండెక్స్ వాళ్ల ఆఫీసు కూడా ఆ వీధిలోనే ఉంది. దాన్ని చూసి దారి తప్పామనుకోకండి.

ప్రెచిస్తెంకా వీధిలో ఇంకో టాల్‌స్టాయ్ మ్యూజియం ఉంది. 1911లో, ఆయన పోయిన మరుసటి ఏడాది మొదలైందది. ఆ భవనం అందమైనదే గానీ ఆయన అందులో ఏనాడూ ఉండలేదు. చిత్రాలు, ఫోటోలు, పుస్తకాల తొలి ముద్రణలు కావాలంటే అక్కడికి వెళ్లాలి. చేతిరాత ప్రతులు, 1,60,000కు పైగా పుటలు, ఆ వీధిలోనే ఉక్కు గదిలో దాచారు. అది మనలాంటి వాళ్లకి తెరవరు. మొదటిసారికి అదంతా వద్దు. ముందు ఇల్లు చూడండి.

వెళ్లే ముందు ఒక పని చెయ్యి. "ఇవాన్ ఇల్యీచ్ మరణం" చదువు. వంద పేజీలు కూడా ఉండదు, రైల్లో అయిపోతుంది. ఈ ఇంట్లో ఉన్న రోజుల్లో పూర్తిచేసి 1886లో అచ్చు వేయించిన కథ అది. డాక్టరు కావాలనుకునేవాడు చదవకుండా ఉండకూడదు. ఆ రోగి తను బతుకుతాడా లేదా అని అడుగుతుంటే, డాక్టర్లు కదిలే మూత్రపిండమా, అపెండిక్సా అని వాదించుకుంటారు. అతని కాళ్లు పైకెత్తి పట్టుకుని రాత్రంతా కూర్చునేది వంటింటి పనివాడు. అది చదివి ఆ గదిలోకి వెళితే బల్ల వేరుగా కనిపిస్తుంది.

ఇక అసలు మాట. గైడు అంతా ఆయన పేరే చెబుతుంది. నువ్వు మాత్రం మనసులో ఆవిడ పేరు పెట్టుకుని నడువు. ఆవిడంటే సోఫియా ఆంద్రేయెవ్నా, ఆయన భార్య. నా లెక్కలో ఆ ఇల్లు ఆవిడది.

ఎందుకంటావా? 1881లో వాళ్లు మాస్కో వచ్చింది పెద్ద పిల్లల చదువుల కోసం. ఆయనకి ఊరు సుతరామూ నచ్చలేదు. 1882 జనవరిలో మూడు రోజులు జనాభా లెక్కల పని చేశాడు. కావాలని మహా పేద వాడ ఎంచుకుని వెళ్లాడు. చూసి కుంగిపోయాడు. ఆ ఏడే 27 వేల రూబుళ్లకి ఈ ఇల్లు కొన్నారు. 1812లో మాస్కో తగలబడినప్పుడు మిగిలిన కొయ్య ఇళ్లలో ఇదొకటి. ఒక పక్క బీరు తయారుచేసే కార్ఖానా, చుట్టూ ఫ్యాక్టరీ కూతలు. వెనక మాత్రం పల్లెటూరిలా పెద్ద తోట. పై భాగం ఆయనే దగ్గరుండి కట్టించాడు. ఆ తర్వాత ఆస్తి అంటేనే పాపమన్నాడు. 1883లో ఆస్తి వ్యవహారాల అధికారమంతా భార్యకి రాసిచ్చేశాడు. 1881 తర్వాతి రచనల మీద హక్కులు నాకొద్దని 1891లో పత్రికలకి ప్రకటన పంపాడు. బాగానే ఉంది. మరి పదమూడు మందిని కన్న తల్లి ఇంటి ఖర్చు ఎలా నడపాలి? ఆవరణలోని చిన్న ఇంట్లో ఆవిడ పుస్తకాల ప్రచురణ ఆఫీసు పెట్టింది. అంతకుముందు దోస్తోయెవ్‌స్కీ భార్య అన్నా దగ్గరికి వెళ్లి ఈ వ్యాపారం ఎలా చేయాలో నేర్చుకుని వచ్చింది. ఆయన పెళ్లినే దుమ్మెత్తిపోస్తూ రాసిన "క్రూట్జర్ సొనాటా"ని సెన్సారు ఆపేస్తే, 1891లో పీటర్స్‌బర్గ్ వెళ్లి జార్ చక్రవర్తి అలెగ్జాండర్ 3ని కలిసి, సంపుటంలో వేసుకోవడానికి అనుమతి తెచ్చింది కూడా ఆవిడే. మీ నాన్న నా మీద అంత రాస్తే నేనెక్కడికీ వెళ్లేదాన్ని కాదని మీ అమ్మ అంటుంది, అడిగి చూడు.

లోపలికి వెళ్లగానే కోటు గర్దెరోబ్‌లో, అంటే కోట్లు దాచే చోట, ఇచ్చేయి. బూట్లకి నీలం కవర్లు, బఖీలి, అడగకముందే తొడుక్కో. గదుల్లో కుర్చీ వేసుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంటుంది చూడు, చాలామంది ఆమెని కాపలా మనిషి అనుకుని దాటిపోతారు. ఆగి "జ్ద్రాస్త్వుయ్‌చ్యె" అని పలకరించు. ఫోటో తీయాలంటే సెల్ ఎత్తే ముందే "మోజ్నో?", తీయొచ్చా, అని అడుగు. ఈ రెండు మాటలకే ఆవిడ సగం మ్యూజియం చెప్పేస్తుంది. నాకు తెలిసిందాంట్లో సగం అలా కుర్చీల్లో కూర్చున్న బామ్మలు చెప్పిందే.

మొత్తం పదహారు గదులు. అన్నీ ఒకే శ్రద్ధతో చూడాలనుకోకు, ఆ ఇరవై నిమిషాల కథే మళ్లీ జరుగుతుంది. భోజనాల గదిలో కాసేపు ఆగు. బల్ల మీద పళ్లేలు సర్ది ఉంటాయి, ఇప్పుడో ఇంకాసేపటికో అందరూ వచ్చి కూర్చుంటారన్నట్టు. ఆయన మాంసం మానేశాడు, కూతుళ్లూ ఆయన దారే పట్టారు. మిగతావాళ్లు మానలేదు. కార్తీకమాసంలో మన ఇంట్లో మీ నాయనమ్మకి వేరు, పిల్లలకి వేరు వండినట్టు, ఏడాది పొడవునా రెండు వంటలు. దానికి ఆవిడ సణిగిందంటే నాకేం తప్పనిపించదు.

ఆ తర్వాత పిల్లల గది. అక్కడ మాత్రం నీ స్నేహితుల్ని ముందుకు పంపించేసి, నువ్వు ఒక్కడివే నిలబడు. చెక్క గుర్రం ఉంటుంది, ఊగేది. ఆఖరి పిల్లాడు వానెచ్కాది. 1895 ఫిబ్రవరిలో, ఏడేళ్లు నిండకుండానే స్కార్లెట్ జ్వరంతో పోయాడు. నేను రెండోసారి వెళ్లినప్పుడు మా వార్డులో అదే జబ్బుతో ముగ్గురు పిల్లలున్నారు. పదిరోజులు పెన్సిలిన్ ఇచ్చాం, ముగ్గురూ గొడవ చేసుకుంటూ ఇళ్లకి వెళ్లారు. ఆ గుర్రం ముందు నిలబడి నేను లెక్క వేసుకున్నాను: పెన్సిలిన్ మందుగా చేతికి రావడానికి ఆ పిల్లాడికి ఇంకో యాభై ఏళ్లు కావాలి. బామ్మ నా ముఖం చూసి ఏమీ అడగకుండా తన కుర్చీ నా వైపు జరిపింది.

దీని తర్వాత పైకి వెళితే, ఆయన రాసుకునే గది పక్క చిన్న గదిలో సైకిల్ చూపిస్తారు. అరవై ఆరేళ్ల వయసులో నేర్చుకున్నాడని అందరూ నవ్వుకుంటూ ఫోటోలు తీస్తారు. ఏ ఏడాది నేర్చుకున్నాడో చూడు. 1895. ఆ పిల్లాడు పోయిన వసంతంలో. ఒకే ఇంట్లో ఒకే దుఃఖానికి ఆవిడ మంచం పట్టింది, ఆయన సైకిలెక్కాడు. ఇందులో ఎవరిది తప్పు అని ఆలోచించి ఆలోచించి నేను మానేశాను.

రాసుకునే గది చిన్నది, కప్పు చేతికందేంత కిందికి ఉంటుంది. బల్ల చుట్టూ కాగితాలు జారిపోకుండా చిన్న కటకటాల అంచు. కుర్చీని బాగా చూడు, పొట్టిగా ఉంటుంది. ఆయనకి దూరం సరిగ్గా కనబడదు, కళ్లజోడు పెట్టుకోవడం ఇష్టం లేదు. కుర్చీ కాళ్లు కోయించేసి, ముఖం కాగితానికి దగ్గరగా పెట్టుకుని రాశాడు. ఆ వెలుతురు కూడా కొవ్వొత్తులదే, వాళ్లున్నన్నాళ్లూ ఆ ఇంటికి కరెంటు లేదు. "పునరుత్థానం" అంత నవల అలా రాసిందే. అందుకే చెబుతున్నా, పొద్దున్నే వెళ్లండి. ఫిబ్రవరి మధ్యాహ్నం మూడు దాటితే ఆ గదుల్లో ఏమీ ఆనదు.

పక్క గదిలో చెప్పులు కుట్టే సామాను, ఆయన కుట్టిన బూట్లూ ఉంటాయి. తర్వాత అల్లుడైన సుఖోతిన్‌కి ఒక జత కుట్టి ఇస్తే, ఆయన వాటిని తొడుక్కోకుండా అలమరలో టాల్‌స్టాయ్ పన్నెండు సంపుటాల పక్కన పెట్టి, పదమూడో సంపుటం అన్నాడట. ఈ కథ గైడు ఎలాగూ చెబుతుంది, అప్పుడు కొత్తగా విన్నట్టే నవ్వు.

పెద్ద హాల్లో పియానో. 1900 జనవరిలో ఇక్కడ గాయకుడు షల్యాపిన్ పాడితే సంగీతకర్త రఖ్మానినోవ్ వాయించాడు. అప్పటికి రఖ్మానినోవ్ కుర్రాడు, నిండా నిరాశలో ఉన్నాడు. పాట అయ్యాక పెద్దాయన, అసలు ఇలాంటి సంగీతం ఎవరికి కావాలి అన్నట్టు అడిగేశాడట. ఆ కుర్రాడు మళ్లీ ఆ గడప తొక్కలేదు. గొప్పవాళ్ల ఇళ్లకి వెళ్లినప్పుడు ఇలాంటివి కూడా తెలుసుకుని రావాలి.

ఇదంతా ఇలా ఎలా మిగిలిందని నువ్వు అడగాలి, నువ్వు అడగవు కాబట్టి నేనే చెబుతున్నా. ఆయన పోయాక 1911లో సోఫియా ఇంటిని మాస్కో నగరానికి అమ్మింది, సామాన్లు మాత్రం అమ్మకుండా గోదాములో పెట్టించింది. ఆవిడ 1919లో పోయింది. 1920 ఏప్రిల్‌లో లెనిన్ సంతకంతో ఇల్లు ప్రభుత్వానిదైంది. టాల్‌స్టాయ్ ఆఖరి కార్యదర్శి వలెంతీన్ బుల్గాకోవ్ పూనుకుని సామాన్లు తెప్పించి, ఎక్కడివక్కడ పెట్టించాడు. 1921 నవంబరు 20న, ఆయన వర్ధంతి రోజున తలుపులు తెరిచారు. రెండేళ్లు తిరక్కుండానే ఆ బుల్గాకోవ్‌ని దేశం నుంచి పంపించేశారు. చేతిరాత ప్రతుల సంగతీ అంతే. 1887లో ఆవిడే వాటిని పెట్టెలకెత్తి రుమ్యాంత్సెవ్ మ్యూజియంలో పెట్టించింది, 1904లో రెడ్ స్క్వేర్ పక్కనున్న హిస్టారికల్ మ్యూజియానికి మార్పించింది. ఆస్తి వద్దన్నవాడి చిత్తుకాగితం కూడా పోకుండా మిగిలిందంటే, ఆ లెక్కల మనిషి వల్లే. అందరూ ఆవిడని గయ్యాళి అంటారు. అననీ.

యాస్నయా పొల్యానాకి, అంటే ఆయన సొంత ఊరి ఇంటికి, ఈసారి వద్దు. తులా దగ్గర, మాస్కోకి 200 కిలోమీటర్లు. మంచులో అంత దూరం వెళ్లి పరుగులు పెట్టడం దండగ. వేసవిలో ఒక రోజంతా పెట్టుకో. ఆయన పుట్టిన తోలు సోఫా, 22,000 పుస్తకాలూ అక్కడున్నాయి. గాంధీగారు పంపిన పుస్తకాలు ఆయన 1910లో చదివింది ఆ ఇంట్లోనే. 1941లో జర్మన్లు 45 రోజులు అక్కడ మకాం వేసి, పోతూ పోతూ నిప్పు పెట్టారు. మ్యూజియం వాళ్లూ ఊరివాళ్లూ కలిసి ఆర్పారు. విలువైనవన్నీ అంతకుముందే 110 పెట్టెల్లో తరలించారు కాబట్టి బతికిపోయాయి, సైబీరియాలో తోమ్‌స్క్ దాకా వెళ్లి 1945లో తిరిగొచ్చాయి. ఆయన సమాధికి రాయి లేదు, శిలువ లేదు, పేరు లేదు. లోయ అంచున గడ్డి పరిచిన మట్టి దిబ్బ, అంతే. దాని దగ్గర మాట్లాడకూడదు, ముందే మీ వాళ్లకి చెప్పి పెట్టు.

సోమవారం వెళ్లకు. అక్కడ మ్యూజియాలు చాలావరకు సోమవారం మూసేస్తారు, ఇంకా నెలకో రోజు శుభ్రం చేసుకునే సెలవు కూడా పెడతారు. ఒకసారి మీ మావయ్యని ఎంతో గొప్పగా తీసుకెళ్లి గేటు చూపించి వెనక్కి తీసుకొచ్చాను, ఇప్పటికీ దెప్పుతారు. వేళలు ముందు రోజు రాత్రి ఫోన్‌లో చూసుకో.

ఇంకొక్కటి. పెద్ద కూతురు తాన్యా గదిలో ఒక బల్ల మీద నల్ల గుడ్డ పరిచి ఉంటుంది. ఇంటికొచ్చిన వాళ్లతో దాని మీద సుద్దతో సంతకాలు పెట్టించి, ఆ గీతల మీదే రంగు దారాలతో కుట్టింది. మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ సంతకాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ప్రతిసారీ బామ్మ మాటల్లో పెట్టేది, లెక్క తప్పేది. నువ్వు ఓపిగ్గా లెక్కపెట్టి నాకు రాయి.

చెవులు కప్పుకుని తిరుగు.

మీ అత్తయ్య