అర మిల్లీమీటరు తేడా

ప్రశ్న: మా తాతగారి సెన్ ర్యాలీ సైకిలు పాకలోంచి బయటికి తీసి బాగు చేసుకుంటున్నాను. కొట్లో ఏది అడిగినా ‘సైజెంత?’ అంటున్నారు. కొలవడానికి డిజిటల్ వెర్నియర్ (దవడల మధ్య పట్టి కొలిచే పరికరం) కొననా, మామూలుది చాలా? వెయ్యి రూపాయలు దాటి పెట్టలేను.
– ఓ పాఠకుడు, తణుకు

జవాబు: మామూలు స్టీలు వెర్నియరే కొనండి. 150 మిల్లీమీటర్లది, అంగుళాల గీతలు కూడా ఉన్నది అడగండి. మీ వెయ్యిలో వచ్చేస్తుంది. అంగుళాలు ఎందుకంటారా? మీ సైకిలు తయారైంది అసన్‌సోల్ దగ్గరే అయినా, కొలతలు ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ర్యాలీవాళ్లవి. వెనక చక్రం ఇరుసు దగ్గర దొర్లే ఉక్కు గోళీ (బేరింగ్ బాల్) పావంగుళం, అంటే 6.35 మి.మీ.

ఈ 0.35 దగ్గరే నేను బోల్తాపడ్డాను. ఐటీఐలో ఫిట్టర్ పాఠాలు చెప్పేవాణ్ని, ఇంట్లో మాత్రం స్కేలు ఆనించి చూసి ‘ఆరు’ అనేసుకున్నాను. అరిగిన నాలుగు గోళీలు తీసేసి 6 మి.మీ.వి వేశాను. చక్రం తిప్పితే గరగర. విప్పి చూద్దును కదా, బరువంతా పాత గోళీలే మోస్తున్నాయి, కొత్తవి ఊరికే దొర్లుతున్నాయి! అందుకే ఒక్కటి పోయినా పక్కకు తొమ్మిదీ మార్చేయండి.

పెడల్ ఉండే కడ్డీని, అదే క్రాంకును, ఇరుసుకు బిగించే కాటర్ పిన్నూ అంతే. 9.5 మి.మీ. పట్టేచోట 9ది కొడితే నాలుగు రోజులకే పెడల్ టక్‌టక్‌మంటుంది. పాతది నలిగిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని కాదు, క్రాంకులో రంధ్రాన్నే వెర్నియర్ పై దవడలతో కొలవండి. సీటు గొట్టం లోపల కూడా వాటితోనే, అటూ ఇటూ రెండుసార్లు. పాత గొట్టాలు కోలగా నొక్కుకుపోయి ఉంటాయి.

డిజిటల్ చెడ్డదేం కాదు, నా కళ్లకైతే అదే సుఖం. కానీ చవకలో దొరికే ప్లాస్టిక్‌వి గట్టిగా నొక్కితే ఒక అంకె, మెల్లగా నొక్కితే ఇంకో అంకె చూపిస్తాయి. కొట్లోనే దవడలు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సందులోంచి వెలుగు కనబడినా, సున్నా గీతలు కలవకపోయినా వద్దనండి. కొత్త పావంగుళం గోళీ ఒకటి అడిగి కొలిచారంటే అక్కడికక్కడే తేలిపోతుంది.

చైనుకు వెర్నియర్ అక్కర్లేదు. అడుగు స్టీలు స్కేలు పెట్టి పిన్ను మధ్య నుంచి 12 అంగుళాలు చూడండి. కొత్త చైనుకు అక్కడ సరిగ్గా ఇంకో పిన్ను మధ్య రావాలి. వీసం, అంటే అంగుళంలో పదహారో వంతు దాటిందా, చైను మార్చండి. రెండు వీసాలైతే ఫ్రీవీల్ (వెనక చక్రానికుండే పళ్లచక్రం) పళ్లు కూడా చూసుకోండి.

కొన్నాక స్పానర్ల డబ్బాలో మాత్రం పడేయకండి. నాది పాత ప్యాంటు కాలు ముక్కలో చుట్టి బీరువాలో ఉంటుంది.